సరిచూసే గుమాస్తా సీటులో ఉన్నాడా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల సంగతీ, పెన్షను సవరణ సంగతీ కార్యదర్శిగారు ఉదయమే వివరంగా చెప్పారు. నన్ను ఆరోగ్య విషయం మీద కాసేపు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. అయితే మన సభ్యుల వైద్య ఖర్చుల కాగితాలు సరిచూసి పైకి పంపే పని సంఘం నాకు అప్పగించింది కనుక లాబొరేటరీ రిపోర్టులు చదవడం అలవాటైంది. ఈమధ్య పెద్దప్రేగు క్యాన్సరుకు ఆపరేషను అయినవారి రిపోర్టుల చివర నాలుగు పేర్లు కనిపిస్తున్నాయి: ఎం.ఎల్.హెచ్.1, పి.ఎం.ఎస్.2, ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6. ఒక్కొక్క పేరుకు ఎదురుగా 'ఉంది' అనో, 'లేదు' అనో అర్థం వచ్చేలా రాసి ఉంటుంది. చాలామంది ఆ నాలుగు పంక్తులు చదవకుండానే ఫైలు మడిచి బీరువాలో పెట్టేస్తారు. కానీ అవి రోగికి ఒక్కడికే సంబంధించినవి కావు. అతని తోబుట్టువులకూ, పిల్లలకూ, మనవలకూ సంబంధించినవి కావచ్చు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మనలో కోర్టులలోనూ, కలెక్టరాఫీసులలోనూ పనిచేసినవారికి కాపీయింగ్ సెక్షను గుర్తుండే ఉంటుంది. పార్టీ నకలు కోసం దరఖాస్తు పెడతాడు. కాపీయిస్టు అసలు చూసి నకలు రాస్తాడు. అంతటితో అయిపోదు. మరొకరు కూర్చుని అసలును, నకలును పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. రాసినవారు ఫలానా, సరిచూసినవారు ఫలానా అని ఇద్దరి పొట్టి సంతకాలు పడితేనే ఆ నకలు చెల్లుతుంది. కాపీయిస్టు ఎంత నిపుణుడైనా సరే, రెండో సంతకం లేకుండా కాగితం బయటికి పోదు.

మన శరీరంలోనూ ఇదే పద్ధతి ఉంది. ప్రతి జీవకణంలో డి.ఎన్.ఏ. అనే పొడవైన దస్తావేజు ఉంటుంది. దానిలో ఉండే అక్షరాలు నాలుగు రకాలే. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి, ఒక్కొక్క దానిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. కణం రెండుగా విడిపోయే ముందు ఆ మొత్తానికీ నకలు తయారు కావాలి. పెద్దప్రేగు లోపలి పొర వారం తిరగకుండానే కొత్తదవుతుంది. అంటే అక్కడ నకళ్ళు రాసే పని రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది.

నకలు రాసే కాపీయిస్టు పేరు డి.ఎన్.ఏ. పాలిమరేజ్. చాలా జాగ్రత్తపరుడు, రాస్తూనే తన తప్పు తాను దిద్దుకుంటాడు. అయినా సుమారుగా కోటి అక్షరాలకు ఒక తప్పు మిగిలిపోతుంది. 600 కోట్ల అక్షరాలకు లెక్క వేస్తే ఒక్కసారి కణం విడిపోతే ఆరువందల తప్పులన్న మాట! ఇక్కడే సరిచూసే గుమాస్తాలు రంగంలోకి వస్తారు. ఇందాక చెప్పిన నాలుగు పేర్లూ వారివే. వీరు ప్రోటీనులు. వీరి పని వల్ల మిగిలిన తప్పులు కనీసం నూరో వంతుకు తగ్గిపోతాయి.

వీరు ఇద్దరిద్దరుగా పనిచేస్తారు. ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6 కలిసి కొత్త నకలు వెంబడి పోతూ ఎక్కడ అక్షరం జత కుదరలేదో పట్టుకుంటారు. తరువాత ఎం.ఎల్.హెచ్.1, పి.ఎం.ఎస్.2 అనే జంట వచ్చి నకలు వైపు పోగును తెంపుతుంది. తప్పున్న ముక్కను తీసేసి మళ్ళీ రాయించడం జరుగుతుంది. దిద్దేటప్పుడు అసలు ఏదో నకలు ఏదో తెలియాలి కదా! లేకపోతే నకలును చూసి అసలును దిద్దే ప్రమాదం ఉంది. బాక్టీరియాలలో అసలు పోగు మీద ఒక చిన్న రసాయన ముద్ర ఉంటుందనీ, కొత్త పోగు మీద అది ఇంకా పడి ఉండదనీ, దాన్ని బట్టే దిద్దుబాటు జరుగుతుందనీ అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ మోడ్రిచ్ పరిశోధనలు నిరూపించాయి. 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని ఆయన, తామస్ లిండాల్, అజీజ్ సంకార్‌లతో కలిసి అందుకున్నారు. డి.ఎన్.ఏ. మరమ్మతు పద్ధతులు కనిపెట్టినందుకే ఆ బహుమతి.

ఈ గుమాస్తాలలో ఒకరు సీటులో లేకపోతే ఏమవుతుంది? సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ ఒకసారి తప్పు పడితే అది పెన్షను కాగితాల దాకా వెంట వస్తుందని మనకు తెలుసు. ఇక్కడా అంతే. దిద్దని తప్పు తరువాతి నకలులోకి పోతుంది, ఆ తరువాతి దానిలోకీ పోతుంది. ముఖ్యంగా ఒకే అక్షరం వరుసగా ఉన్నచోట తప్పులు ఎక్కువ. పద్దులో ఏడెనిమిది సున్నాలు వరుసగా ఉంటే ఒకటి జారిపోవడమో, ఒకటి ఎక్కువ పడడమో జరగదూ! అటువంటిదే. తప్పులు పేరుకుని, కణం పెరుగుదలను అదుపులో ఉంచే జీనులలో పడినప్పుడు క్యాన్సరు మొదలవుతుంది.

సరే, కంటికి కనిపించని ప్రోటీను కణంలో ఉందో లేదో తెలిసేదెలా? దీనికి పనికివచ్చే సాధనమే మోనోక్లోనల్ యాంటీబాడీ.

యాంటీబాడీ అంటే పరాయి పదార్థం ఒంట్లో ప్రవేశించినప్పుడు దాన్ని పట్టుకోవడానికి మన రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుర్తింపు సాక్షి ఉంటాడు కదా, 'ఈయనను నేనెరుగుదును' అని చెప్పేవాడు. యాంటీబాడీ పని కూడా అదే. ఒక్కొక్కటి ఒక్క ముఖాన్నే గుర్తు పడుతుంది. అయితే మామూలుగా రక్తంలో దొరికేది రకరకాల సాక్షుల గుంపు. ఒకడు ముక్కును చూసి గుర్తు పడతాడు, ఒకడు చెవిని చూసి. ఒకడు పోలికలున్న మరొకరిని చూసి కూడా 'ఈయనే' అంటాడు. అటువంటి గుంపును నమ్ముకుని పరిశోధన చేయడం కష్టం. ఒకే గుర్తును చూసే, ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట చెప్పే సాక్షి కావాలి.

ఆ సాక్షిని తయారు చేసే పద్ధతి ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని అణుజీవశాస్త్ర పరిశోధనాశాలలో పుట్టింది. అర్జెంటీనాలో పుట్టిన సీజర్ మిల్‌స్టీన్, జర్మనీ నుంచి వచ్చిన యువకుడు జార్జి కోలర్ 1975లో దాన్ని ప్రకటించారు. యాంటీబాడీ చేసే కణాలు ఎలుక ప్లీహంలో ఉంటాయి. కాని బయటికి తీస్తే కొద్ది రోజులలో చచ్చిపోతాయి. మైలోమా అనే ఒక రకం క్యాన్సరు కణాలకు చావు లేదు, కాని మనకు కావలసిన యాంటీబాడీ వాటికి చేతకాదు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపారు. పుట్టిన సంకర కణానికి ఒకరి విద్య, మరొకరి ఆయుష్షు వచ్చాయి. అటువంటి కణాలను ఒక్కొక్కటిగా వేరుచేసి, విడివిడి గుంటలలో పెంచి, మనకు కావలసిన సాక్షి ఏ గుంటలో ఉన్నాడో పరీక్షించి ఎంచుకుంటారు. ఆ ఒక్క కణం నుంచి పెరిగిన సంతతి అంతా ఒకే రకం యాంటీబాడీని చేస్తుంది. 1984లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతిని వీరిద్దరూ, నీల్స్ యెర్నె అనే శాస్త్రజ్ఞుడూ పంచుకున్నారు. ఈ పద్ధతి మీద అప్పట్లో పేటెంటు తీసుకోలేదు. దానివల్ల ప్రపంచంలో ఎవరైనా దీనిని వాడుకోగలిగారు.

మన సరిచూసే గుమాస్తాల జీనులు 1993 నుంచి 1995 వరకు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. వెంటనే ఆ ప్రోటీనులను గుర్తించే మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ మొదలైంది. 1996లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ బృందం ఎం.ఎస్.హెచ్.2ను గుర్తించే యాంటీబాడీలతో మామూలు కణజాలాన్నీ, కణితులనూ పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. ప్రేగుపొరలో కణాలు చురుకుగా విడిపోతున్న చోటనే ఈ ప్రోటీను కనిపించింది. నకళ్ళు రాసేచోటనే కదా సరిచూసేవాడు ఉండాలి! వంశపారంపర్యంగా ఆ జీను చెడినవారి కణితులలో మాత్రం అది కనిపించలేదు.

ఆస్పత్రిలో ఈ పరీక్ష చేసే తీరు చెబుతాను. ఆపరేషనులో తీసిన ముక్కను మైనపు దిమ్మలో బిగిస్తారు. దాని నుంచి వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పలుచని పొర కోసి గాజుపలక మీద పరుస్తారు. మోనోక్లోనల్ యాంటీబాడీ వేస్తారు. అది తన ప్రోటీను ఉన్నచోట అతుక్కుంటుంది. మిగిలినది కడిగేసి, అతుక్కున్నచోట గోధుమరంగు పుట్టే రసాయనం వేస్తారు. నలుగురు గుమాస్తాలకు నాలుగు యాంటీబాడీలు, నాలుగు పలకలు. సూక్ష్మదర్శినిలో కణకేంద్రాలు గోధుమరంగులో కనబడితే గుమాస్తా హాజరు. నీలంగా ఉండిపోతే గైరుహాజరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు పరీక్షలలో రంగు పడితే జబ్బు, పడకపోతే ఆరోగ్యం అనుకుంటాం. ఇక్కడ రంగు పడకపోవడమే సమాచారం. కాని మందు పాతదై కూడా రంగు పడకపోవచ్చు, ముక్క సరిగా నిలవ చేయక కూడా పడకపోవచ్చు. తేడా ఎలా తెలియాలి? కణితి పక్కనే రోగి మామూలు కణాలు, తెల్లకణాలు ఉంటాయి. అవి గోధుమరంగు తిరిగి, కణితి కణాలు మాత్రమే తిరగకపోతేనే గైరుహాజరు రాయాలి. ఏవీ తిరగకపోతే పరీక్షే చెల్లదు, మళ్ళీ చేయాలి. హాజరు పట్టీలో ఒక్కరికే గీత పడితే ఆ మనిషి రాలేదని అర్థం. అందరికీ గీత పడితే ఆ రోజు పట్టీయే బయట పెట్టలేదని అర్థం.

జంటల సంగతి ఇక్కడ పనికివస్తుంది. ఎం.ఎల్.హెచ్.1 లేకపోతే దాని జంట పి.ఎం.ఎస్.2 నిలబడలేక అదీ మాయమవుతుంది. ఎం.ఎస్.హెచ్.2 లేకపోతే ఎం.ఎస్.హెచ్.6 కూడా అంతే. కాని పి.ఎం.ఎస్.2 గాని, ఎం.ఎస్.హెచ్.6 గాని లేనంత మాత్రాన పెద్దవారు కదలరు. కనుక ఏ పలకలు నీలంగా ఉన్నాయో చూసి ఏ జీనును వెదకాలో డాక్టరు ఊహించగలడు.

ఈ పరీక్షకు ఒక హద్దు కూడా ఉంది. యాంటీబాడీ ప్రోటీను ఉందని మాత్రమే చెబుతుంది, అది పనిచేస్తున్నదని చెప్పదు. మనిషి సీటులో ఉన్నంత మాత్రాన ఫైలు కదులుతున్నట్టు కాదని మనకంటే బాగా ఎరిగినవారెవరు? కొద్దిమందిలో ప్రోటీను ఉండి కూడా పనిచేయదు. అందుకే కుటుంబ చరిత్ర బలంగా ఉంటే రంగు పడినా సరే, డాక్టర్లు డి.ఎన్.ఏ. పరీక్ష కూడా రాస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రిపోర్టులో 'లేదు' అని ఉంటే వంశానికి జబ్బు ఉన్నట్టేనా? కాదు. దీన్ని మన వయసువారు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాలి. పెద్దప్రేగు క్యాన్సర్లలో నూటికి సుమారు 15 ఈ సరిచూసే వ్యవస్థ పనిచేయనివి. వాటిలో ఎక్కువ భాగం పెద్ద వయసులో వచ్చేవి. ఆ కణితిలో ఎం.ఎల్.హెచ్.1 జీను చెడదు, దాని మీద రసాయన ముద్రలు పడి మూగబోతుంది. అది పిల్లలకు సంక్రమించేది కాదు. బి.ఆర్.ఏ.ఎఫ్. అనే జీను పరీక్షతోనో, ఆ ముద్రల పరీక్షతోనో ఈ తేడా చాలావరకు తేలుతుంది. వంశపారంపర్యంగా వచ్చేవి మొత్తం పెద్దప్రేగు క్యాన్సర్లలో నూటికి సుమారు మూడు. దానినే లించ్ సిండ్రోమ్ అంటారు.

దాని కథ కూడా వినదగినదే. 1895లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయపు పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో ఆయన ఇంట్లో కుట్టుపని చేసే ఒక మహిళ తాను చిన్న వయసులోనే క్యాన్సరుతో పోతానని చెప్పింది. ఎందుకలా అంటావంటే, మా ఇంట్లో అందరూ అలాగే పోయారన్నది. చివరకు ఆమె గర్భాశయ క్యాన్సరుతోనే చనిపోయింది. వార్తిన్ ఆమె వంశవృక్షం రాసి 1913లో ప్రచురించాడు. తరువాత నెబ్రాస్కా రాష్ట్రంలో హెన్రీ లించ్ అనే డాక్టరు 1960ల నుంచి ఇటువంటి కుటుంబాల వివరాలు ఇంటింటికీ తిరిగి సేకరించాడు. క్యాన్సరు వంశంలో దిగుతుందంటే అప్పట్లో నమ్మినవారు తక్కువ. 2000లో ఆ కుట్టుపని మహిళ వంశంలోని లోపం ఎం.ఎస్.హెచ్.2 జీనులో ఉన్నదని తేలింది. ఆమె చెప్పిన మాటకు నూట అయిదేళ్ళ తరువాత రుజువు దొరికింది. ఇవాళ అదే లోపాన్ని సూచించే పరీక్ష మన పెద్ద ఆస్పత్రులలోనూ చేస్తున్నారు.

తెలిసి ఏం చేస్తాం, భయం తప్ప అని కొందరు అంటారు. చేయగలిగింది చాలా ఉంది. మొదటిది ముందుగా చూసుకోవడం. ఫిన్లండులో ఇటువంటి కుటుంబాలకు చెందిన 252 మందిని 15 ఏళ్ళపాటు గమనించారు. మూడేళ్ళకొకసారి ప్రేగు పరీక్ష చేయించుకున్నవారిలో, చేయించుకోనివారికంటే పెద్దప్రేగు క్యాన్సరు 62 శాతం తక్కువగా వచ్చింది. పరీక్షలో కనబడిన చిన్న పిలకలను అప్పుడే తీసేయడమే దీనికి కారణం. ఇప్పుడు ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2 లోపమున్నవారికి పాతికేళ్ళ ప్రాయం నుంచే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఈ పరీక్ష చేయించుకొమ్మంటున్నారు. ఆడవారు గర్భాశయం విషయంలో కూడా జాగ్రత్త పడాలి.

రెండవది ఆస్పిరిన్. లించ్ సిండ్రోమ్ ఉన్న 861 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగిలినవారికి ఉత్తి మాత్ర సుమారు రెండేళ్ళు ఇచ్చారు. పదేళ్ళు దాటిన తరువాత 2020లో లెక్క ప్రచురించారు. ఆస్పిరిన్ తీసుకున్నవారిలో నూటికి 9 మందికి, ఉత్తి మాత్రవారిలో నూటికి 13 మందికి పెద్దప్రేగు క్యాన్సరు వచ్చింది. ఇది విని ఎవరూ మందుల షాపుకు వెళ్ళవద్దు. కడుపులో రక్తస్రావం కాగల మందు అది. డాక్టరు చెబితేనే వాడాలి.

మూడవది చికిత్స. సరిచూసే గుమాస్తా లేని కణితిలో తప్పులు ఎక్కువ కనుక, అది మన రక్షక కణాల కంటికి పరాయిదిగా కనబడుతుంది. వాటి చేతులు కట్టేసిన కట్టు విప్పే మందులు వచ్చాయి. తమాషా ఏమిటంటే ఆ మందులు కూడా మోనోక్లోనల్ యాంటీబాడీలే. 2017 మే నెలలో అమెరికా ప్రభుత్వం పెంబ్రోలిజుమాబ్ అనే మందును, కణితి ఏ అవయవంలో ఉన్నదని కాక, ఈ లోపం ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి అనుమతించింది. 2022లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రం, ఇటువంటి మరో మందు డోస్టార్లిమాబ్‌తో ఈ లోపమున్న మలాశయ క్యాన్సరు రోగులలో చికిత్స పూర్తయిన మొదటి 12 మందికీ కణితి జాడ లేకుండా పోయిందని ప్రకటించింది. ఈ మందులు చాలా ఖరీదైనవి, అందరికీ పనిచేసేవీ కావు. ఎవరికి పనిచేయవచ్చో సూచించేది ఆ నాలుగు పంక్తులే.

మిత్రులారా, ఇక కుటుంబం సంగతి. లించ్ సిండ్రోమ్ ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. కొడుకని, కూతురని తేడా లేదు. మనం వంశవృక్షం రాసేటప్పుడు కొడుకుల పేర్లే రాస్తాం. ఆడపిల్లకు పెళ్ళయితే ఇంటిపేరు మారింది, గోత్రం మారిందని లెక్కలోంచి తీసేస్తాం. జీనుకు ఇంటిపేరుతో పని లేదు. తండ్రికి జబ్బు చేస్తే అత్తవారింట ఉన్న కూతురికీ ఆ నాలుగు పంక్తులు తెలియాలి. మేనత్తకు, మేనమామకు ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో పిల్లలకు తెలియాలి.

మేనరికాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒకే వంశంలో లోపం ఇద్దరు దంపతులకూ ఉంటే, తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ప్రతులే బిడ్డకు రావచ్చు. అటువంటి బిడ్డకు చిన్నతనంలోనే మెదడులోనో, రక్తంలోనో, ప్రేగులోనో క్యాన్సరు రావచ్చు. ఇది చాలా అరుదు. అయినా మేనరికాలు అలవాటుగా ఉన్న మన ప్రాంతంలో ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

చాలా ఇళ్ళలో క్యాన్సరు మాట బయటికి రానివ్వరు. పిల్లల సంబంధాలు చెడిపోతాయని భయం. ఆ భయాన్ని నేను తేలిక చేయను. ఆడపిల్లల తండ్రులకు ఆ బాధ తెలుసు. ఊరందరికీ చాటమనడం లేదు. ఎదుటివారికి దాచినది సొంత పిల్లలకు కూడా దాచవద్దంటున్నాను. ముప్ఫై ఏళ్ళ కొడుకు తన కడుపునొప్పిని అజీర్ణమనుకుని ఏడాది గడిపేస్తే, మనం కాపాడిన పరువు వాడికి అక్కరకు రాదు.

చివరగా మూడు మనవులు. ఒకటి, మీ ఇంట్లో ఎవరికైనా పెద్దప్రేగు క్యాన్సరో, గర్భాశయ క్యాన్సరో అని తేలితే, 'ఈ నాలుగు ప్రోటీనుల పరీక్ష చేశారా?' అని డాక్టరును మర్యాదగా అడగండి. ఆపరేషను జరిగి కొన్నేళ్ళయినా మైనపు దిమ్మ ఆస్పత్రిలో భద్రంగా ఉంటే ఇప్పుడైనా చేయవచ్చు. రెండు, రిపోర్టు అసలును మీ పెన్షను కాగితాలతో సమానంగా దాచండి, నకళ్ళు పిల్లలకివ్వండి. మూడు, ఒక తెల్లకాగితం మీద మీ తల్లివైపు, తండ్రివైపు మూడు తరాలు రాసి, ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సరు వచ్చిందో పక్కన వేయండి. ఆ వివరాలు గుర్తున్న తరం మనదే. మనం రాయకపోతే తరువాత రాసేవారుండరు.

ఆ కాగితం రాసిన తరువాత ఒకసారి సరిచూసుకోండి. ఆ అలవాటు మనకు ఉన్నదే.